కెప్టెన్ నీమో జన్మభూమి

గ్రంథాలయములలో జూల్స్ వెర్న్ నవలలకు లభించు స్థానము సాధారణముగా బాలసాహిత్యపు అరయే. చంద్రమండల యాత్ర, భూగర్భ యాత్ర, సముద్రగర్భ యాత్ర అను మాటలు వినినంతనే పెద్దలు ఆ పుస్తకములను పిల్లల చేతికి అందించి, తాము పురాణముల వైపునకో దినపత్రికల వైపునకో మరలుదురు. ఈ అలవాటు వలన నష్టపోయినవారు పిల్లలు కారు, పెద్దలే. ఏలయన వెర్న్ సృష్టించిన పాత్రలలో మేటియగు కెప్టెన్ నీమో భారతీయుడు. 1857 నాటి సమరమున పోరాడి సర్వస్వమును కోల్పోయినవాడు. కథలో టిప్పూ సుల్తానునకు మేనల్లుడు. మంత్రాలయ ప్రాంతమునకు టిప్పూ పేరు క్రొత్తది కాదు. ఇచ్చటికి దాపుననున్న ఆదోని దుర్గమును ఆయన సైన్యము 1786లో ముట్టడించి పట్టుకొనెను. అట్టి చుట్టరికము గల వీరుడు తెలుగు పాఠకులకు ఏ దేశమువాడో తెలియని ఐరోపావాసిగా పరిచయమగుట యెట్లు జరిగెనో తెలిసికొనదగినది.

వెర్న్ 1828 ఫిబ్రవరి 8వ తేదీన ఫ్రాన్సు దేశమున నాంత్ అను రేవుపట్టణమున జన్మించెను. తండ్రి న్యాయవాది. కుమారుడును న్యాయవాది కావలెనని ఆయన కోరిక. అందుకై పారిస్‌కు పంపగా కుమారుడు నాటకములు వ్రాయసాగెను. 1863లో ‘బెలూనులో అయిదు వారములు’ అను నవలను హెట్జెల్ అను ప్రచురణకర్త అచ్చువేయుటతో ఆయన దారి స్థిరపడెను. 1905 మార్చి 24న మరణించు వరకు ఏబదికి మించిన నవలలు వెలువడెను.

గ్రంథాలయ చందాదారులు ముఖ్యముగా గమనింపవలసిన విషయ మొకటి కలదు. వెర్న్ హిందూదేశమునకు ఎన్నడును రాలేదు. ఆయన చూచిన లోకమంతయు చాలవరకు పఠనమందిరమున చూచినదే. జీవితపు ఉత్తరార్ధమున ఆయన నివసించిన ఆమియే పట్టణములో పారిశ్రామిక సంఘమువారి పఠనమందిరము ఉండెను. అచ్చటికి వెళ్లి పత్రికలను, శాస్త్రసంచికలను చదివి, పనికివచ్చు ప్రతి విషయమును చిన్న కాగితములపై వ్రాసికొనెడివాడు. అట్టి కాగితములు ఇరువదివేలకు పైగా పోగుపడెనట! నేడు పఠనమందిరమునకు వచ్చి పత్రిక తిరుగవేసి పోవువారు ఈ సంగతిని కొంచెము తలపోయవచ్చును.

ఆ చదువు ఎంత నిక్కచ్చిదో చూపుటకు 1865 నాటి ‘భూమి నుండి చంద్రునికి’ అను నవల చాలును. అందు 900 అడుగుల ఫిరంగిని భూమిలో నిలువునా పోతపోసి, ముగ్గురు మనుష్యులను గుండులో కూర్చుండబెట్టి చంద్రుని వైపునకు ప్రేల్చుదురు. ఇది జరుగని పని. గుండు కదలిన క్షణముననే ఆ ఊపునకు లోపలివారు నలిగిపోవుదురు. కాని ప్రయోగస్థలముగా ఆయన భూమధ్యరేఖకు చేరువయగు ఫ్లోరిడాను ఎన్నుకొనెను. నూరేండ్లు దాటిన పిదప, 1969లో, ముగ్గురు అమెరికా వ్యోమగాములు బయలుదేరినదియు ఫ్లోరిడా నుండియే. ఫిరంగి బదులు రాకెట్టును నమ్ముకొనియుండిన వెర్న్ మరింత దగ్గరకు వచ్చియుండెడివాడు. ఇనుపగొట్టములు గల రాకెట్లను యుద్ధమున ప్రయోగించి ఆంగ్లేయులను కలవరపెట్టినవాడు టిప్పూయే. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిదప వాని నమూనాలను ఇంగ్లండుకు తీసికొనిపోగా, కాంగ్రీవ్ అనునాతడు వానిని చూచి తన రాకెట్లను రూపొందించెను. నేడు ఆంధ్రదేశమున శ్రీహరికోట నుండి 2023 జూలై 14న లేచిన చంద్రయానము ఆగస్టు 23న చంద్రునిపై దిగినది. ఈ మూడు సంగతులను కలిపి చదువుకొనుట యొక వేడుక.

ఇక నీమో కథ. ‘సముద్రగర్భమున ఇరువదివేల కోసులు’ అను నవల 1869-70 సంవత్సరములలో వెలువడెను. ఇరువదివేల కోసులు లోతు కాదు. భూమికి అంత లోతే లేదు. అది నీటి అడుగున ప్రయాణించిన దూరము. నాటిలస్ అను ఆ జలాంతర్గామి పొడవు 70 మీటర్లు. అది విద్యుచ్ఛక్తిచే నడచును. ఆ శక్తికి వలయు సోడియము సముద్రజలము నుండియే లభించును. తిండి, బట్ట, వెలుగు, సమస్తమును సముద్రమే యిచ్చును. నాయకుని పేరు నీమో. లాటిను భాషలో ఆ మాటకు ‘ఎవడును కాడు’ అని అర్థము. అతని దేశమేదో, భాషయేదో ఎవరికిని తెలియదు. అతని గది గోడలపై పోలెండు వీరుడు కోషూష్కో, ఐర్లండు నాయకుడు ఓకానెల్, బానిసల విముక్తికై ఉరికంబమెక్కిన జాన్ బ్రౌన్ మున్నగువారి చిత్రములు వ్రేలాడుచుండును.

నాటిలస్ బంగాళాఖాతమునకును వచ్చును. గంగానది కొట్టుకొనిపోయి కడలిలో కలిపిన శవములు దారిలో ఎదురగును. ఒక రాత్రి సముద్రమంతయు పాలవలె తెల్లబారును. పురాణములలో క్షీరసాగరమును వినియున్న పాఠకుడు ఇచ్చట ఒక్కసారి ఆగును. వెర్న్ మాత్రము అది కంటికి కానరాని కోటానుకోట్ల వెలుగుపురుగుల వలన కలిగిన కాంతియని శాంతముగా వివరించి ముందునకు సాగును. పిదప సింహళమునొద్ద ముత్యపుచిప్పల తావున ఒక ఘట్టము కలదు. గోచి కట్టుకొని, కాళ్ల నడుమ రాయి బిగించుకొని నీట మునుగుచున్న బీదవాని మీదికి సొరచేప రాగా, నీమో కత్తితో దానిని ఎదుర్కొనును. చావు తప్పిన ఆ బీదవాని చేతిలో ముత్యముల సంచి పెట్టి వెడలిపోవును. మనుష్యజాతితో తెగతెంపులు చేసికొన్నవాడు ఇట్లు చేయనేల యని అడుగగా, ఆ బీదవాడు పీడితుల దేశమువాడనియు, తానును తుది శ్వాస వరకు ఆ దేశమువాడనేయనియు బదులు చెప్పును. శ్రద్ధతో చదివినవారికి గుట్టు అచ్చటనే కొంత బయటపడును.

నిజమునకు వెర్న్ మొదట అనుకొన్న నీమో భారతీయుడు కాడు, పోలెండువాడు. 1863లో పోలెండు ప్రజల తిరుగుబాటును రష్యా క్రూరముగా అణచెను. ఆ పగను నీమోకు పెట్టవలెనని రచయిత తలపు. రష్యాలో పుస్తకముల అమ్మకము దెబ్బతినునని హెట్జెల్ ఒప్పుకొనలేదు. అందుచేత మొదటి నవలలో నీమోకు జన్మభూమియే లేకపోయెను. ఆ లోటు 1874-75లో వచ్చిన ‘రహస్య ద్వీపము’ చివర తీరెను. నిర్జనద్వీపమున చిక్కుకొన్న అమెరికనులను మరుగున నుండి ఆదుకొనుచున్న వృద్ధుడు నీమోయే. మరణశయ్యపై అతడు తన కథ చెప్పును. అతడు బుందేల్‌ఖండు రాజు కుమారుడు, దక్కర్ రాకుమారుడు. పదేండ్ల యీడున ఐరోపాకు పోయి సకలశాస్త్రములు నేర్చి, 1849లో స్వదేశమునకు మరలి, 1857లో ముందువరుసలో నిలిచి పోరాడెను. తిరుగుబాటు ఓడిపోయెను; అతని తలకు వెల కట్టిరి. ఇరువది మంది నమ్మకస్థులతో మాయమై, మారుపేళ్లతో ఒక్కొక్క భాగమును ఒక్కొక్క దేశమున చేయించి, జనసంచారము లేని దీవిలో నాటిలస్‌ను కూర్చుకొనెను.

బుందేల్‌ఖండు రాజునకు మైసూరు టిప్పూతో వియ్యమెట్లు కుదిరినదో వెర్న్ చెప్పడు. ఫ్రెంచి భాషలో మేనల్లునికిని అన్నదమ్ముల బిడ్డకును ఒకటే మాట. తండ్రి బుందేల్‌ఖండు రాజు గనుక మేనల్లుడనియే అనుకొనవలెను. పెండ్లి సంబంధములు కుదుర్చు పల్లెపెద్ద ఎవడును ఈ వావిని తేలికగా అంగీకరింపడు. కాని చుట్టరికము తప్పైనను గుండెకోత తప్పు కాదు. ఈ సీమ చరిత్రయే అందుకు సాక్ష్యము. టిప్పూ పతనానంతరము, 1800లో, నిజాము ఈ జిల్లాలను కంపెనీవారికి దత్తము చేసెను. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ తన కోటలోను అంతఃపురపు తోటలలోను ఫిరంగులు, మందుగుండు రహస్యముగా కూర్చుకొనెనని 1839లో కంపెనీవారు కనుగొని ఆయన రాజ్యమును హరించిరి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరుగబడగా 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసిరి. ఇవి నవలలోని సంగతులు కావు. కాని కర్నూలు తోటలలోని ఫిరంగుల కథ తెలిసినవానికి దీవిలోని నీమో కర్మాగారము కేవలము కట్టుకథగా తోపదు.

వెర్న్ అన్ని వేళలను ఇట్టి కన్నుతోనే భారతదేశమును చూచెనని చెప్పుట పొరపాటు. 1872లో పత్రికలో వచ్చిన ‘ఎనుబది దినములలో భూప్రదక్షిణము’నందు అదే బుందేల్‌ఖండు అనాగరికుల అడవిగా కానవచ్చును, అచ్చట సహగమనము చేయింపబోవుచున్న రాజవితంతువును ఆంగ్లేయుడు రక్షించును. సహగమనము బంగాళమున 1829లోనే శాసనముచే నిషేధింపబడినది. అందు అలహాబాదునకు ఇవతల రైలుమార్గము తెగిపోవుటయు, ఏనుగునెక్కుటయు కల్పనయే. బొంబాయి-కలకత్తా మార్గము 1870లోనే పూర్తియైనది. ఆ మరుసటి ఏడు బొంబాయి నుండి వచ్చు మార్గమును మద్రాసు మార్గమును రాయచూరులో కలిసెను. తుంగభద్రను దాటి ఆదోని మీదుగా పోవు రైలు నాటిదే. 1880 నాటి ‘ఆవిరి యిల్లు’ మరింత నిరాశ కలిగించును. ఆవిరితో నడచు ఇనుప ఏనుగు, వేట, నానాసాహెబుపై పగ: ఇదియే కథ. దానికి కొలది ముందు, 1876-78లో, ధాతకరువున ఈ సీమ పల్లెలు పాడుపడినవి. ఆ ఇనుప ఏనుగు నెక్కిన వేటగాండ్రకు అట్టి ఆకలి కానరాదు. ఒకే కలము నుండి దక్కరును, ఈ వినోదయాత్రయు వెలువడుట వింతయే. అయినను రెండింటిని చదివినవాడే వెర్న్‌ను చదివినవాడు.

మరి నీమో భారతీయత యెచ్చట మరుగుపడెను? ఆంగ్లానువాదములలో. ‘ఇరువదివేల కోసుల’ను మొదట ఆంగ్లీకరించిన మెర్సియర్ అను మతాచార్యుడు ఇంచుమించు నాల్గవవంతు తీసివేసెను. మిగిలినదానిలో ఉక్కు నీటికంటె తేలికయని వ్రాసెను! మూలమున 7.8 రెట్లు బరువు అని యుండగా, చుక్క స్థానము జరిగి 0.7 నుండి 0.8 వరకు అయినది. ఆ తప్పులు రచయిత తలకు చుట్టుకొని, వెర్న్‌కు శాస్త్రము రాదను అపవాదు వ్యాపించెను. 1875లో కింగ్‌స్టన్ పేర వచ్చిన ‘రహస్య ద్వీపము’ ఇంకను ముందునకు పోయెను. అందు దక్కర్ కథ తలక్రిందులైనది. శాంతిసౌఖ్యములు కలిగించిన ఆంగ్లపాలకులపై ఆశపోతులైన రాజుల మాటలు విని ప్రజలు తిరుగబడిరని మార్చివ్రాసిరి. బ్రిటిషు పాఠకునకు రుచింపదని ఒక భారతీయుని మరణవాఙ్మూలమునే దిద్దిరన్నమాట. ఆ ప్రతులే అగ్గువగా మరల మరల అచ్చుపడినవి. వానిని కుదించిన పొట్టిపుస్తకములే మన పాఠశాలలకు చేరినవి. 1954లో అమెరికాలో తీసిన ప్రసిద్ధ చలనచిత్రమున నీమో వేషము ధరించినవాడును ఆంగ్లేయ నటుడే. 2003 నాటి మరియొక చిత్రమున నసీరుద్దీన్ షా ఆ పాత్ర ధరించినప్పుడు, నీమో భారతీయుడా యని ఆశ్చర్యపడినవారు భారతదేశముననే పలువురు.

మూలమునకు కట్టుబడిన ఆంగ్లానువాదములు ఇటీవలి దశాబ్దములలో వెలువడినవి. ‘రహస్య ద్వీపము’ను కొనదలచినవారు మూడవ భాగపు చివరి అధ్యాయములను తెరచి, దక్కర్ కథలో ఆంగ్లపాలన పొగడ్త యున్నదో లేదో చూచి కొనుట మంచిది. అయినను మూలప్రతియు కత్తెరకు పూర్తిగా తప్పించుకొనలేదు. దక్కర్ తుదిశ్వాస విడుచుచు పలికిన మాట వెర్న్ వ్రాతప్రతిలో ఒక్కటే: స్వాతంత్ర్యము. హెట్జెల్ కోరికపై దానిని కొట్టివేసి, దైవమును దేశమును స్మరించు మాటలను చేర్చిరి. అచ్చులో నేటికిని ఉన్నవి ఆ మాటలే.