కనిపించని వేలిముద్రకు రసాయన సాక్ష్యం: ఏ వస్తువుపై ఏ పద్ధతి?

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌ను ఆనుకొని కొత్తగా కట్టిన నవా రాయ్‌పూర్‌లో 2025 జూన్ 22న కేంద్ర హోం మంత్రి అమిత్ షా రెండు సంస్థలకు శంకుస్థాపన చేశారు. ఒకటి జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయ ప్రాంగణం, రెండోది కేంద్ర ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబొరేటరీ. వీటి అవసరం కొత్త చట్టంతో పెరిగింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. ఈ ఏర్పాటు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఉంది.

ఘటనాస్థలిలో నిపుణులు ముందుగా వెతికేవాటిలో వేలిముద్రలు ఒకటి. వీటిలో చాలావరకు కంటికి కనిపించవు. కనిపించేలా చేసేది రసాయన శాస్త్రమే. అయితే తగని రసాయనం వాడితే ఉన్న ముద్ర కూడా శాశ్వతంగా చెరిగిపోవచ్చు.

ముద్రలో ఏముంటుంది?

వేళ్ల కొనలపై ఉన్న సన్నని గీతల పొడవునా స్వేద రంధ్రాలు ఉంటాయి. వాటి నుంచి వచ్చే చెమటలో అత్యధిక భాగం నీరే. మిగిలిన కొద్ది భాగంలో అమైనో ఆమ్లాలు, యూరియా, ఉప్పు ఉంటాయి. ముఖాన్నో జుట్టునో తాకినప్పుడు అక్కడి జిడ్డు కూడా వేళ్లకు అంటుకుంటుంది. ఏదైనా వస్తువును పట్టుకుంటే ఈ మిశ్రమం గీతల ఆకారంలోనే దానిపై మిగిలిపోతుంది. ప్రతి రసాయన పద్ధతీ ఈ మిశ్రమంలోని ఏదో ఒక పదార్థాన్ని పట్టుకొని రంగు తెప్పిస్తుంది, లేదా వెలిగేలా చేస్తుంది.

కాగితంపై నిన్‌హైడ్రిన్

కాగితం చెమటను పీల్చుకుంటుంది. అమైనో ఆమ్లాలు దాని పీచుకు అతుక్కుపోయి ఏళ్ల తరబడి కదలకుండా ఉంటాయి. బెదిరింపు లేఖలు, నకిలీ దస్తావేజులు, చెక్కులపై పాత ముద్రలు సైతం దొరకడానికి ఇదే కారణం. వీటికి ఎక్కువగా వాడేది నిన్‌హైడ్రిన్. ఈ పదార్థాన్ని కేంబ్రిడ్జిలో పనిచేసిన సీగ్‌ఫ్రీడ్ రూహెమన్ 1910లో కనుగొన్నారు. దాన్ని వేలిముద్రలకు వాడవచ్చని 1954లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఈ ద్రావణంలో ముంచిన కాగితాన్ని ఆరబెట్టి, తగిన వేడి, తేమ తగిలేలా ఉంచితే ముద్ర ఊదా రంగులో పైకి తేలుతుంది.

తర్వాత వచ్చిన డీఎఫ్ఓ, ఇండేన్‌డయోన్ అనే రసాయనాలు కూడా అమైనో ఆమ్లాలనే పట్టుకుంటాయి. వీటితో ముద్ర ప్రత్యేక కాంతిలో మెరుస్తుంది కాబట్టి మరింత మసక ముద్రలు కూడా బయటపడతాయి. అంతకంటే పాత పద్ధతులు రెండున్నాయి. అయోడిన్ ఆవిరి జిడ్డుకు పట్టి గోధుమ రంగు ఇస్తుంది కానీ కాసేపటికే వెలిసిపోతుంది. సిల్వర్ నైట్రేట్ చెమటలోని ఉప్పుతో కలిసి వెలుతురులో నల్లబడుతుంది.

ఏటీఎం స్లిప్పు, బస్సు టికెట్టు లాంటి థర్మల్ కాగితాలతో జాగ్రత్తగా ఉండాలి. మామూలు ద్రావణం తగిలితే కాగితమంతా నల్లబడిపోతుంది. వీటికి వేరే ద్రావకాలు వాడతారు.

గాజు, ప్లాస్టిక్, లోహంపై సూపర్ గ్లూ

వీటిపై చెమట ఇంకదు, పైపైనే ఉంటుంది. నిపుణులు బ్రష్‌తో పొడి చల్లి ముద్రను తీయడం చాలామందికి తెలిసిన పద్ధతి. అంతకంటే గట్టి పద్ధతి 1970ల చివర్లో జపాన్ పోలీసుల నుంచి వచ్చింది. ఇళ్లలో విరిగిన వస్తువులు అతికించే సూపర్ గ్లూలో సయనోఅక్రిలేట్ ఉంటుంది. మూసిన పెట్టెలో దాన్ని వేడి చేస్తే వచ్చే ఆవిరి ముద్ర గీతలపై గట్టిపడి తెల్లని పొరగా మారుతుంది. దానికి మెరిసే రంగు అద్ది, తగిన కాంతిలో ఫొటో తీస్తారు.

మిగతా వస్తువులకు వేరే మార్గాలున్నాయి. టేపు జిగురు వైపున ఉన్న ముద్రకు క్రిస్టల్ వయొలెట్, నెత్తుటి ముద్రకు అమిడో బ్లాక్ వాడతారు. తడిసిన గాజు, లోహంపై మాలిబ్డినం డైసల్ఫైడ్ పొడి కలిపిన ద్రవాన్ని చల్లుతారు. అందులోని సన్నని రేణువులు జిడ్డుకు అంటుకుంటాయి.

వరుస తప్పితే ఆధారం పోతుంది

ఒకే వస్తువుపై రెండు మూడు పద్ధతులు వాడవచ్చు. వరుస మాత్రం మారకూడదు. కాగితాన్ని ముందుగా ప్రత్యేక కాంతిలో చూసి ఫొటో తీయాలి. తర్వాత ఇండేన్‌డయోన్ లేదా డీఎఫ్ఓ, ఆపైన నిన్‌హైడ్రిన్, చివరికి వెండి ఆధారంగా పనిచేసే ఫిజికల్ డెవలపర్. నీళ్లు కలిసిన ఈ చివరి ద్రావణాన్ని ముందే వాడితే అమైనో ఆమ్లాలు కొట్టుకుపోతాయి. అప్పుడు నిన్‌హైడ్రిన్‌కు పట్టుకునేందుకు ఏమీ మిగలదు. డీఎన్ఏ కూడా కావాలనుకుంటే ఆ సంగతి మొదటే తేల్చుకోవాలి. దూదితో తుడిస్తే గీతలు చెరుగుతాయి, ఒకే బ్రష్ అన్నిచోట్లా వాడితే ఒకరి డీఎన్ఏ మరో చోటికి చేరుతుంది.

వాతావరణం ప్రభావం కూడా తక్కువేమీ కాదు. రాయ్‌పూర్‌లో మే నెల ఎండలు 45 డిగ్రీలను తాకుతుంటాయి. ఆ వేడికి ముద్రలోని తేమ త్వరగా ఆరిపోతుంది. ఆరిన ముద్రపై సూపర్ గ్లూ ఆవిరి సరిగా పట్టదు. వానాకాలంలో తడిసిన కాగితంపై అమైనో ఆమ్లాలు పోయినా జిడ్డు మిగిలే అవకాశం ఉంది. అలాంటి కాగితానికి ఫిజికల్ డెవలపర్ పనికొస్తుంది. స్వాధీనం చేసుకున్న వస్తువు ల్యాబ్‌కు ఎంత త్వరగా, ఎంత జాగ్రత్తగా చేరితే అంత మంచిది. రాయ్‌పూర్ లాంటి చోట ల్యాబ్‌తో పాటు శిక్షణ సంస్థ కూడా రావడం ఇందుకే ముఖ్యం.

కోర్టులో ఎంత నిలుస్తుంది?

ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో ఏర్పడింది. వేలిముద్రలను వర్గీకరించే విధానాన్ని రూపొందించడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌లది కీలక పాత్ర అయినా అది ఎడ్వర్డ్ హెన్రీ పేరుతోనే ప్రసిద్ధమైంది. 1980లో మురారీలాల్ వర్సెస్ మధ్యప్రదేశ్ కేసు తీర్పులో తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి చేతిరాతకు, వేలిముద్రలకు ఉన్న తేడా చెబుతూ, వేలిముద్రల శాస్త్రం దాదాపు పరిపూర్ణత సాధించిందని అన్నారు. రాయ్‌పూర్ అప్పటికి మధ్యప్రదేశ్‌లోనే ఉంది.

ఆ నమ్మకానికీ హద్దు ఉందని 2004లో తేలింది. మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసులో డిటొనేటర్లున్న ప్లాస్టిక్ సంచిపై దొరికిన ముద్ర తమ దేశపు న్యాయవాదిదేనని అమెరికా ఎఫ్‌బీఐ తేల్చి, ఆయన్ను రెండు వారాలు నిర్బంధించింది. ఆ ముద్ర వేరొకరిదని స్పెయిన్ పోలీసులు నిరూపించాక ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది. అక్కడ తప్పు జరిగింది ముద్రను వెలికితీయడంలో కాదు, పోల్చడంలో.

మన దేశంలో 2022లో మొదలైన జాతీయ స్వయంచాలక వేలిముద్రల గుర్తింపు వ్యవస్థ, అంటే నఫీస్, పోలికలున్న ముద్రలను క్షణాల్లో ముందుంచుతుంది. అయితే తుది నిర్ణయం నిపుణుడిదే. పైగా ఆ వ్యక్తి ఆ వస్తువును తాకాడని మాత్రమే ముద్ర చెబుతుంది. ఎప్పుడు తాకాడో, ఎందుకు తాకాడో చెప్పదు. దుకాణంలో అమ్మకానికి పెట్టిన సీసాపై ముద్రకు, తాళం వేసిన బీరువా లోపలి అరపై ముద్రకు బరువు ఒకటి కాదు. ఏ వస్తువు ఎక్కడ దొరికింది, ఎవరి చేతులు మారింది, ఏ రసాయనం ఏ వరుసలో వాడారు అన్న వివరాలు కాగితంపై ఉంటేనే ఆ ముద్ర కోర్టులో నిలుస్తుంది. అవి లేకపోతే దోషి తప్పించుకోవచ్చు, నిర్దోషి ఇరుక్కోవచ్చు.