మంత్రసాని



మంత్రసానితనమున కొప్పుకొన్న పిమ్మట ఏది వచ్చినను పట్టవలయునను సామెత మీరెఱిగినదే. దానిని మనము నవ్వుచు వాడుదుము. నన్ను పట్టిన మంత్రసానిని తలచినపుడు నాకు నవ్వు రాదు. ఆమె మంగలివారి స్త్రీ. అర్ధరాత్రమున పిలిచినను మాఱుమాట లేక వచ్చెడిది. బొడ్డు కోసి, మాయ పాతిపెట్టి, బిడ్డకు నీళ్లు పోసి, పురుడు వెడలు వఱకు తల్లిని కనిపెట్టుకొని యుండెడిది. ప్రతిఫలము చేటెడు వడ్లు, ఒక పాత చీర. పని తీరిన మఱునాడు మైల యని ఆమెను గడప యవతలనే నిలిపెడివారు.

పురిటిలో ఎవరు గతించినను నింద ఆమెదే. అందు కొంత సత్యము కలదు. కొడవలితో బొడ్డు కోయుటయు, కోసినచోట బూడిదయో పేడయో అద్దుటయు అనేక శిశువులను ధనుర్వాతమునకు బలి చేసినవి. కాని దోషము అపరిశుభ్రతది. ఆమె కులముది కాదు, చదువులేమిది కాదు. ఇందుకు ఐరోపాలోనే నిదర్శనము కలదు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని పెద్ద ఆసుపత్రిలో పురుళ్లకు రెండు విభాగము లుండెను. 1846లో వైద్యులును వారి విద్యార్థులును పనిచేయు విభాగమున నూటికి 11 మంది తల్లులు మరణింపగా, మంత్రసానులు పనిచేయు విభాగమున నూటికి ముగ్గురైనను మరణింపలేదు. వైద్యులు శవములను కోసిన చేతులతోనే పురుళ్లు పోయుచుండిరి! సెమ్మెల్వైస్ అను వైద్యుడు 1847లో క్లోరిన్ సున్నము కలిపిన నీటితో వారిచేత చేతులు కడిగించెను. మఱుసటి యేట మరణములు నూటికి ఇంచుమించు ఒకటికి దిగెను. అయినను తోటి వైద్యులు పలువురు ఆయన మాట నమ్మరైరి.

మన దేశమున మంత్రసానుల శిక్షణకై 1903లో లేడీ కర్జను విక్టోరియా స్మారక నిధిని నెలకొల్పెను. 1946లో భోర్ కమిటీ, వేయి కాన్పులకు ఇంచుమించు 20 మంది తల్లులు మరణించుచున్నారని తెలిపి, శిక్షితలు చాలినంత మంది వచ్చు వఱకు మంత్రసానులకే తరిఫీదు నీయవలయుననెను. పిదప వారికి నేర్పినది స్వల్పమే: కడిగిన చేయి, శుభ్రమైన పక్క, కొత్త బ్లేడు, కాచిన దారము, బొడ్డుపై ఏమియు అద్దకుండుట. దీనికి గర్భిణుల టీకాలు తోడయ్యెను. శిశువుల ధనుర్వాతము మన దేశమున ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించెను.

2005లో జననీ సురక్షా యోజన వచ్చిన పిదప కాన్పులు ఆసుపత్రులకు తరలినవి. 2018-20 లెక్కలలో లక్ష జననములకు తల్లుల మరణములు దేశమున 97, ఆంధ్రప్రదేశమున 45, తెలంగాణమున 43. ఈ మేలును కాదనువాడను కాను. రక్తస్రావము ఆగని తల్లిని మంత్రసాని బ్రతికింపజాలదు.

అయితే మా తల్లిని ఆమె గొంతుకూర్చుండబెట్టి, దూలమునకు కట్టిన త్రాడు పట్టించి, ప్రక్కన మా అమ్మమ్మను నిలిపినదట. నొప్పులు పడు స్త్రీని లేచి తిరుగనీయవలయుననియు, ఆమె కోరిన తోడును దగ్గఱ నుంచవలయుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వైద్యులకు సూచించెను. అది చదివినపుడు నాకు ఆమె జ్ఞప్తికి వచ్చినది. అప్పటికి ఆమె లేదు. కోడలు మా యూరనే యున్నది. ఆమె ఈ పని నేర్చుకొనలేదు.