మోటారుబండి వంశచరిత్ర



రాజవంశములకును, నగరములకును, దేవాలయములకును చరిత్రలు గలవు. ఇనుముతోను, తోలుతోను, రబ్బరుతోను చేసిన మోటారుబండికి గూడ చరిత్ర యేల యని మీలో కొందరు శంకింపవచ్చును. కాని యంత్రమైనను ముదిసినకొలది దాని పూర్వోత్తరములను గూర్చి ప్రశ్నలు పుట్టుచుండును. ఇది యెప్పుడు పుట్టినది? పుట్టినప్పు డెట్లుండెను? నేడు మన యెదుట నిలిచియున్నది ఆనాటిదేనా? ఈ మూడింటిలో కడపటి ప్రశ్న మిక్కిలి కఠినమైనది. దానికి సమాధానము చెప్పుటకై 1990వ సంవత్సరమున లండను నగరపు హైకోర్టు విచారణ జరుపవలసి వచ్చినది. ఆ వ్యాజ్యమును ప్రసంగము చివర మనవిచేసెదను. అంతకుముందు పాతకారుల పుట్టుకను పరిశోధకు లే రీతిని కనుగొందురో కొంచెము తెలిసికొందము.

నేడు కారు కర్మాగారమునుండి సర్వాంగములతో వెలువడుచున్నది. నూరేండ్ల క్రిందట గొప్ప కారుల సంగతి యట్లు కాదు. రోల్స్‌రాయిస్, బెంట్లీ మొదలగు సంస్థలు ఇనుప చట్రమును, దానిపై ఇంజనును, చక్రములను మాత్రమే అమర్చి విక్రయించెడివి. దీనికే ఛాసీ యని పేరు. కొన్నవారు ఆ ఛాసీని బార్కర్, హూపర్, వాండెన్ ప్లా వంటి బాడీ కట్టు సంస్థలకు పంపి, తమ యభిరుచికి తగినట్లు పైభాగమును కట్టించుకొనెడివారు. కావున నొక్క బండికి జన్మస్థానములు రెండు. ఒకే నెలలో పుట్టిన రెండు ఛాసీలలో నొకటి మూసిన పల్లకివలెను, రెండవది పందెపు బండివలెను కనబడుటకు కారణ మిదియే.

ఛాసీపై నొక సంఖ్యను, ఇంజనుపై వేఱొక సంఖ్యను కొట్టెడివారు. కర్మాగారపు పుస్తకములలో ఆ సంఖ్యల కెదురుగా, బండిని కోరిన దెవరు, దానిని పరీక్షించిన దెన్నడు, బాడీ కట్టిన దెవరు, తుదకు ఎవరి కప్పగించిరి అను వివరములు వ్రాసియుంచెడివారు. బండికి జాతకమనదగిన దిదియే. ఒకానొక బండి ఛాసీ సంఖ్యయు, ఇంజను సంఖ్యయు పుస్తకములోని సంఖ్యలతో సరిపోయినచో పరిశోధకునకు సగము పని తీరినట్లే.

అట్టి పుస్తకము దొరకనిచో, శాసనములను పరీక్షించువాడు లిపినిబట్టి కాలమును నిర్ణయించునట్లు, బండి యవయవములనుబట్టియే కాలమును నిర్ణయింపవలెను. ఫోర్డువారి మాడల్ టి కారును ఉదాహరణముగా గైకొందము. 1908 మొదలు 1927 వరకు ఇట్టివి కోటి యేబది లక్షలకు పైగా నిర్మింపబడినవి. ఈ కారు నలుపు దక్క వేఱొక వన్నెలో దొరకెడిది కాదని లోకమున నొక ప్రతీతి కలదు. అది 1914 మొదలు 1925 వరకు మాత్రమే నిజము. తొలియేండ్లలో ఎఱుపు, ఆకుపచ్చ, బూడిద, నీలి వన్నెల బండ్లు వెలువడినవి. 1910వ సంవత్సరపు బండికి నల్లరంగు పూసి మెఱయించినవాడు, తాను దాని పూర్వరూపమును నిలిపితినని భావించును గాని, నిజమునకు దాని వయస్సును మార్చినవాడగును. అట్లే ముందుభాగమున రేడియేటరుపై నుండు ఇత్తడి తొడుగు 1916తో ముగిసినది. విద్యుచ్ఛక్తితో ఇంజనును నడిపించు స్టార్టరు 1919లో గాని రాలేదు. అంతవరకు కమ్మిని చేతితో త్రిప్పవలసినదే. ఇత్తడి తొడుగును స్టార్టరును ఒకే బండిపై కనబడినచో, వానిలో నొకటి తరువాత చేర్చినదని వెంటనే గ్రహింపవచ్చును.

పేరు సయితము మోసపుచ్చుచుండును. రోల్స్‌రాయిస్ వారి సిల్వర్ ఘోస్ట్ అను పేరు వినని వాహనప్రియు లుండరు. ఆ జాతి కారులు 1906 మొదలు 1926 వరకు ఇంగ్లండునందును, అమెరికానందును కలిసి 7,874 తయారైనవి. కాని కర్మాగారమువారు వాని కిడిన పేరు ‘40/50 అశ్వబలము’ అని మాత్రమే. సిల్వర్ ఘోస్ట్ అనునది 1907లో తయారైన 60551 సంఖ్యగల యొక్క ఛాసీకి పెట్టిన ముద్దుపేరు. దానికి అల్యూమినియపు రంగు పూసి, వెండిమలామా చేసిన సామగ్రిని బిగించి, నిశ్శబ్దముగా పోవుచుండుటచే వెండిదయ్యమని యర్థమిచ్చు ఆ పేరు పెట్టిరి. 1925లో ఫాంటమ్ అను క్రొత్తజాతి వెలువడిన పిమ్మట, ముందటి దానిని వేఱుపఱచుటకై ఆ ముద్దుపేరు జాతికంతకును చెల్లినది.

మన హైదరాబాదు నగరమునం దిట్టి కారొకటి కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ గారు దానిని తెప్పింప నిశ్చయించిరి. లండనులోని బార్కర్ వారు దానిపై సింహాసనము వంటి పీఠముతో పసుపువన్నె బాడీని కట్టిరి. కాని 1911లో నిజాముగారు స్వర్గస్థులగుటచే, బండి నగరము చేరునప్పటికి వారి కుమారులు ఉస్మాన్ అలీఖాన్ గారు గద్దె నెక్కియుండిరి. కోరినవా రొకరు, అనుభవించినవా రింకొకరు. ఈ సంగతిని బండి చెప్పజాలదు, వ్రాతలే చెప్పవలెను. ఆ బండి నేడు చౌమహల్లా భవనమున నున్నది.

వెల పెరిగినచోట కపటము పుట్టుట సహజము. పూర్వకాలమున మాన్యములకై కూటశాసనములు పుట్టినట్లే, పాతకారుల వెలలు లక్షలకును కోట్లకును ఎక్కిన పిమ్మట కూటచరిత్రలును పుట్టినవి. మూతబండ్లుగా పుట్టిన పెక్కు బెంట్లీల పైకట్టును విప్పి పాఱవైచి, పందెపు బండ్ల రూపమున క్రొత్త బాడీలు కట్టిరి. ఒకే బండి భాగములను పంచి రెండు బండ్లు చేసి, రెండింటికిని ఒకే వంశము చెప్పినవారును గలరు. మార్పు చేయుట తప్పు గాదు. మార్పును మఱుగుపఱచుటయే తప్పు.

ఇక మొదట చెప్పిన వ్యాజ్యమునకు వత్తము. డబ్ల్యు.ఓ. బెంట్లీ గారు 1919లో నెలకొల్పిన సంస్థవారు లండను నగరమున క్రికిల్‌వుడ్ కర్మాగారమున స్పీడ్ సిక్స్ అను ఆఱు సిలిండర్ల కారులను నిర్మించిరి. ఇట్టివి మొత్తము 182. వానిలో నొకదానికి ఓల్డ్ నంబర్ వన్ అను పేరు వచ్చినది. ఫ్రాన్సు దేశమున లెమాన్ అను పట్టణమునొద్ద ఇరువదినాలుగు గంటలు విడువక సాగు పందెమున, 1929లో బర్నాటో, బిర్కిన్ గార్లును, 1930లో బర్నాటో, కిడ్‌స్టన్ గార్లును ఆ కారును నడపి ప్రథమస్థానము గెలిచిరి. 1931లో బెంట్లీ సంస్థ ఋణభారముచే కూలి రోల్స్‌రాయిస్ వారి వశమైనది. కారు మాత్రము పందెములు మానలేదు. దానికి ఎనిమిది లీటర్ల పెద్ద ఇంజనును బిగించిరి. 1932లో ఇంగ్లండున బ్రూక్‌లాండ్స్ పందెపుబాటపై అది గట్టు దాటి క్రిందపడగా, నడపుచుండిన క్లైవ్ డన్‌ఫీ మృతినొందెను. పిమ్మట బర్నాటో గారు దానిని బాగుచేయించి మూతబండిగా కట్టించిరి. మఱికొంత కాలమునకు మరల తెరచిన బాడీ వచ్చినది.

దాదాపు అరువదియేండ్లకు ఆ కారును ఒక సంస్థవారు కోటి పౌనులకు కొన నొడంబడిరి. పిమ్మట, ఇది లెమాను గెలిచిన బండియే కాదని పేచీ పెట్టిరి. జస్టిస్ ఆటన్ గారు నిపుణుల సాక్ష్యము విని, బండిలోని యొక్కొక్క భాగమును విచారించిరి. ఫలితము విచిత్రము. 1929 నాటి బండిలోనిదని నిశ్చయముగా చెప్పదగిన భాగ మొక్కటియు లేదు. 1930 నాటి దానిలో గేరుపెట్టె పైతొడుగు, స్టీరింగు కంబము, పెడలు కడ్డీ మాత్రమే మిగిలినవి. చట్రము మారినది, ఇంజను మారినది, బాడీ మారినది.

అయినను తీర్పు కారు నమ్మినవారి పక్షమున వచ్చినది. ఏలన, ఆ బండి యేనాడును విడిభాగములై చెదరిపోలేదు. ఎచ్చటను దాని జీవనము తెగలేదు. పందెములకై పనివారు ఒకసారి యొక భాగమును, మఱియొకసారి వేఱొక భాగమును మార్చుచు వచ్చిరి. ఆ పేరునకు హక్కు చెప్పదగిన వేఱొక బండియు లోకమున లేదు. కనుక దీనిని మూలరూపము చెడని బండి యనరాదు గాని, ఓల్డ్ నంబర్ వన్ అనుటలో మాత్రము అసత్యము లేదని న్యాయమూర్తిగారు నిర్ణయించిరి.

ఈ వివేచన మనకు క్రొత్తది గాదు. మన గ్రామములలో జీర్ణోద్ధారణము జరుగని ప్రాచీన దేవాలయము లెన్ని? మండప మొక శతాబ్దిది, గోపుర మింకొక శతాబ్దిది, ప్రాకార మీ మధ్య కట్టినది. అయినను అర్చన తెగనందున దానిని అదే యాలయమని చెప్పుచున్నాము. అయితే గోపురము కట్టించినవారు తమ పేరును, సంవత్సరమును రాతిపై చెక్కించి పోయిరి. అందుచే ఏది పాతదో యేది క్రొత్తదో నేటివారికి తెలియుచున్నది.

పాతబండి కలవారికి నా విన్నప మిదియే. ఛాసీ సంఖ్యను గీకివేయకుడు, రంగుతో మూసివేయకుడు. పాత రశీదులను, అనుమతి పత్రములను, ఛాయాచిత్రములను చెదలపాలు చేయకుడు. ఏ భాగమును మార్చినను, మార్చిన దినమును, చేసిన పనివాని పేరును ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. తీసివేసిన భాగమును అమ్మక దాచుడు. క్రొత్తరంగు వేయునప్పుడు మఱుగైన చోట పాతరంగును బెత్తెడు మేర విడిచిపెట్టుడు. మెఱుగు పదియేండ్లలో మాసిపోవును. ఆ బెత్తెడు రంగును, ఆ చిన్న పుస్తకమును రాబోవు తరమువారికి సాక్ష్యము చెప్పుచుండును.