సన్నని ఫోన్ పౌచ్

స్మార్ట్‌ఫోన్ వీపును, అంచులను కప్పుతూ, చేతికి పెద్దగా బరువు తెలియకుండా ఫోన్‌ను కాపాడే తొడుగే సన్నని పౌచ్. అతి పల్చటి రకాలు 0.35 మి.మీ. మందంలో దొరుకుతాయి. ఒకటి ఒకటిన్నర మి.మీ. వరకు ఉన్నవాటినీ సన్నని పౌచ్‌లనే అంటారు. పౌచ్ వీపు ఎంత పల్చగా ఉన్నా పెద్ద నష్టం లేదు. మూలలు, అద్దం చుట్టూ ఉండే గట్టు పల్చబడితేనే చిక్కు. అయినా కొనేవారిలో చాలామంది ముందుగా చూసేది వీపు మీద బొమ్మనే.

భారతదేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న మోగింది. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి కేంద్ర మంత్రి సుఖ్‌రాంతో మాట్లాడారు. ఆ కాలపు ఫోన్లకు తొడుగు అవసరం తక్కువ. 1998లో వచ్చిన నోకియా 5110కు ముందు కవర్‌ను ఊడదీసి వేరే రంగుది బిగించుకునే వీలుండేది, కానీ అది సోకు కోసమే. 2003లో వచ్చిన నోకియా 1100 దుమ్ము చొరబడని కీప్యాడ్‌తో, టార్చిలైటుతో ఊరూరికీ చేరింది. కింద పడితే బ్యాటరీ ఒక దిక్కు, మూత ఒక దిక్కు ఎగిరిపోయేవి. ఏరి మళ్లీ బిగిస్తే ఫోన్ పనిచేసేది. బెల్టుకు తగిలించుకునే తోలు పౌచ్‌లు, బటన్లు కనిపించే ప్లాస్టిక్ తొడుగులు అప్పటివే.

అద్దం రావడంతో లెక్క మారింది. 2007 జూన్‌లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఐఫోన్ ముందు భాగమంతా అద్దమే. 2010 జూన్‌లో వచ్చిన ఐఫోన్ 4కు వెనుక కూడా అద్దం పెట్టారు. దాని చుట్టూ ఉన్న ఉక్కు పట్టీనే యాంటెన్నా కావడంతో, ఒకచోట చెయ్యి తగిలితే సిగ్నల్ పడిపోయేది. గొడవ ముదిరాక జూలై 16న యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ విలేకరుల ముందుకొచ్చి, అంచులను మాత్రమే కప్పే 29 డాలర్ల బంపర్‌ను ఫోన్ కొన్నవారికి ఉచితంగా ఇస్తామన్నారు. తొడుగు ఇష్టం కొద్దీ వేసుకునేదిగా కాక, ఫోన్ లోపాన్ని సరిదిద్దే భాగంగా మారిన ఘట్టం అది.

పౌచ్‌ల ముడిసరుకు మాత్రం ఫోన్ల కంటే చాలా పాతది. మెత్తటి పారదర్శక పౌచ్‌కు వాడే టీపీయూ పాలీయురేథేన్ కుటుంబానికి చెందింది. ఆ రసాయనాన్ని 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనుగొంది. గట్టి పౌచ్‌ల పాలీకార్బొనేట్ 1953లో జర్మనీలోనూ అమెరికాలోనూ విడివిడిగా పుట్టింది. ఖరీదైన సన్నని పౌచ్‌లకు వాడే అరామిడ్ నార 1965లో డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ చేసిన ప్రయోగాల ఫలితం. బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాలకు వాడే ఈ నార 0.6 మి.మీ. మందంలోనూ గట్టిగా నిలుస్తుంది. అయితే చిరగకపోవడం వేరు, దెబ్బను పీల్చుకోవడం వేరు. అరామిడ్ పౌచ్ గీతలు పడనివ్వదు కానీ, దెబ్బను మింగడంలో మెత్తటి టీపీయూకు సాటిరాదు.

తెలంగాణ పట్టణాల్లో పౌచ్ ప్రతి చేతికీ చేరింది చవక స్మార్ట్‌ఫోన్లతోనే. 2014లో షావోమీ భారత్‌కు వచ్చింది. మరుసటి ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఆ ఫోన్ల తయారీ మొదలైంది. 2016 సెప్టెంబర్‌లో జియో సేవలు ప్రారంభమయ్యాయి. 2019లో రెడ్‌మీ నోట్ 7 ముందూ వెనుకా గొరిల్లా గ్లాస్‌తో రావడంతో, అంతవరకు ఎక్కువగా ఖరీదైన ఫోన్లలోనే కనిపించిన అద్దపు వీపు మధ్యతరగతి జేబులోకి వచ్చింది. చాలా కంపెనీలు డబ్బాలోనే ఒక పారదర్శక పౌచ్ పెట్టి ఇవ్వసాగాయి. అది చెడిపోయాక జనం చిన్న దుకాణాల దారి పట్టారు. హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ ఇలాంటి సరుకుకు పేరుమోసిన చోటు.

పౌచ్ పనితీరును చిన్న లెక్కతో తేల్చవచ్చు. కిందపడే ఫోన్‌పై సగటు దెబ్బ, అది పడిన ఎత్తును ఆగడానికి దొరికిన దూరంతో భాగిస్తే ఎంత వస్తుందో, దాని బరువుకు సుమారు అన్ని రెట్లు ఉంటుంది. మీటరు ఎత్తు నుంచి పడి, మూల ఒక మి.మీ. నొక్కుకుని ఆగితే, ఫోన్‌పై దాని బరువుకు వెయ్యి రెట్ల బలం పడుతుంది. అర మి.మీ.లోనే ఆగితే రెండు వేల రెట్లు. అందుకే మంచి తయారీదారులు వీపును పల్చగా ఉంచి, నాలుగు మూలల్లో మాత్రం గాలి అరలు పెట్టి మందం పెంచుతారు. 2025లో 5.6 మి.మీ. మందంతో వచ్చిన ఐఫోన్ ఎయిర్‌కు యాపిల్ మళ్లీ బంపర్ చేసింది. అది అంచులకే తొడుగు, వీపుకు ఏమీ ఉండదు.

డబ్బాల మీద తరచూ కనిపించే ‘మిలిటరీ గ్రేడ్’ ముద్రను నమ్మే ముందు కొంత తెలుసుకోవాలి. అమెరికా రక్షణ శాఖ పరీక్షా విధానం ఎంఐఎల్-ఎస్‌టీడీ-810జీ ప్రకారం వస్తువును 122 సెం.మీ. ఎత్తు నుంచి 26 సార్లు పడేయాలి. ఆ 26 దెబ్బలను ఐదు నమూనాల మధ్య పంచుకోవడానికి వీలుంది. పడే చోట కాంక్రీటుపై ప్లైవుడ్ పరిచి ఉంటుంది. మన ఇళ్లలో ఫోన్ పడేది షాబాదు బండ మీద.

తెలంగాణలోని మంచిర్యాలలో పౌచ్‌కు ఎండ మరో పరీక్ష. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. తన ఫోన్లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడాలని యాపిల్ చెబుతుంది. ఛార్జింగ్‌లో ఫోన్ వేడెక్కుతుంటే కవర్ తీసేయమనీ సూచిస్తుంది. టీపీయూ, పాలీకార్బొనేట్ రెండూ వేడిని సరిగా బయటకు పోనివ్వవు. అయితే మందం సగానికి తగ్గితే వేడికి ఆ పొర వల్ల కలిగే అడ్డు కూడా సుమారు సగమవుతుంది. ఈ ఊళ్లో సన్నని పౌచ్ ఎంచుకోవడానికి ఇంతకంటే బలమైన కారణం లేదు. అయినా మధ్యాహ్నం బైక్ హ్యాండిల్‌కు ఫోన్ తగిలించి మ్యాప్ చూసుకుంటూ వెళ్లేవారికి ఏ పౌచ్ ఉన్నా వేడి తప్పదు.

ఎండకు సన్నని పౌచ్ మేలు చేసినా, ఇక్కడి బొగ్గు గనుల దుమ్ము విషయంలో లెక్క వేరు. బొగ్గు పొడి అద్దం కంటే మెత్తన, దానితో గీతలు పడవు. కానీ శ్రీరాంపూర్, ఇందారం ఓపెన్‌కాస్ట్ గనుల్లో బొగ్గు పైనుంచి తవ్వి పోసే ఓబీ (ఓవర్‌బర్డెన్) మట్టిలో ఇసుకరాయి ఉంటుంది. అందులోని క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలతలో 7, మామూలు అద్దానిది సుమారు 6. ఆ రేణువులు పౌచ్‌కూ ఫోన్‌కూ మధ్య చేరి, జేబులో కదిలిన ప్రతిసారీ వీపును గీకుతాయి. సన్నని గట్టి పౌచ్‌లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే అది టీపీయూలాగా అంచులకు అతుక్కోదు. గనుల పక్కన పనిచేసేవారికి గట్టి పౌచ్ కంటే బిగుతైన టీపీయూ నయం. దాన్ని వారానికోసారి ఊడదీసి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. మీథేన్ ఉండే భూగర్భ గనుల్లోకి మాత్రం మామూలు ఫోన్ వెళ్లకూడదు. నిప్పురవ్వ పుట్టే భయం లోపలి బ్యాటరీ నుంచి గనుక, పౌచ్ ఎంత మందంగా ఉన్నా అక్కడ రక్షణ కాదు.

కొనేటప్పుడు ఫోన్‌కు పౌచ్ తొడిగి బల్లపై బోర్లించి చూడాలి. అద్దానికీ బల్లకూ మధ్య కాగితం సులువుగా జారితే గట్టు చాలినట్టే. తరువాత వెల్లకిలా పెట్టి కెమెరా దగ్గరా అదే చూడాలి. 0.35 మి.మీ. రకాల్లో చాలావాటిలో కెమెరా పౌచ్ కంటే ఎత్తుగా ఉండిపోయి, బల్ల మీద పెట్టిన ప్రతిసారీ దాని అద్దమే బల్లకు తగులుతుంది. పారదర్శక టీపీయూ ఎండకు, చేతి జిడ్డుకు క్రమంగా పసుపు తిరుగుతుంది. అతినీలలోహిత కిరణాల వల్ల పదార్థంలోనే వచ్చే మార్పు అది, ఎంత కడిగినా పోదు. రంగు మారడం కంటే మూలలు సాగి వదులవడమే కొత్తది కొనాల్సిన గుర్తు.