మాన్యం ముడి విప్పిన డాక్టరమ్మ

మద్రాసు ప్రెసిడెన్సీ శాసనమండలికి ఆడవాళ్లు పోటీ చేయడానికి తొలిసారి వీలు చిక్కింది 1926లో. మంగళూరు నుంచి కమలాదేవీ చట్టోపాధ్యాయ నిలబడి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. మహిళా సంఘాల వారు ఊరుకోలేదు. కనీసం ఒకరినైనా నామినేట్ చేయాలని పట్టుబట్టారు. అలా సభలోకి వచ్చినావిడ డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి. లండన్‌లో పైచదువు ముగించుకుని అప్పుడప్పుడే తిరిగొచ్చారు, వయసు నలభై. 1927లో సభ ఆమెను ఏకగ్రీవంగా ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకుంది. ఆ పీట మర్యాద కోసం వేసిందేనని అనుకున్నవాళ్లకు ఆ ఏడాదే సంగతి తెలిసొచ్చింది.

ఆమె పుట్టింది 1886లో, పుదుక్కోట్టైలో. తండ్రి నారాయణస్వామి అయ్యర్ అక్కడి మహారాజా కాలేజీ ప్రిన్సిపాల్. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబంలోంచి వచ్చిన మనిషి. మగపిల్లల కాలేజీలో ఆడపిల్లకు సీటేమిటని అభ్యంతరాలు లేస్తే రాజావారే కలగజేసుకుని ఇప్పించారు. 1907లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరి 1912లో డాక్టరయ్యారు. రెండేళ్లకు డాక్టర్ సుందర రెడ్డిని పెళ్లాడారు. తనను సమానంగా చూడాలని, తన ఇష్టాలకు అడ్డు రాకూడదని ముందే మాట తీసుకుని చేసుకున్న పెళ్లి అది.

1927లో సభలో ఆమె ఎత్తుకున్నది దేవదాసీ ఆచారం. ఈడేరని పిల్లను గుడికి తీసుకెళ్లి, పసుపుతాడుకు గుచ్చిన చిన్న బంగారు బొట్టును దేవుడి ఎదుట మెడలో కట్టించేవారు. ఆ ముడితో ఆమెకు ఇక మరో పెళ్లి ఉండేది కాదు. మైనరు పిల్లలను వ్యభిచారానికి అప్పగిస్తే శిక్షించడానికి శిక్షాస్మృతిలో 372, 373 సెక్షన్లు అప్పటికే ఉండేవి. కానీ గుడిలో జరిగే తంతును పూజ అంటారే తప్ప నేరమని ఎవరు సాక్ష్యం చెబుతారు?

అసలు చిక్కు మాన్యం దగ్గర ఉంది. చాలా గుళ్లలో దేవదాసీ కుటుంబాలకు భూమి గానీ, దాని మీద వచ్చే శిస్తు గానీ సేవ కింద రాసిచ్చి ఉండేది. సేవ ఆగితే భూమి పోతుంది. తల్లికి వయసు మళ్లేసరికి ఆ సేవ అందుకోవడానికి ఒక కూతురు కావాలి. అంటే ఆ పిల్ల మెడలో పడే బొట్టు వెనక ఇంటిల్లిపాది తిండిగింజలు ఉన్నాయి. ధర్మపన్నాలతో ఈ పని కాదని ముత్తులక్ష్మి గ్రహించారు. హిందూ దేవాదాయ చట్టానికి ఆమె తెచ్చిన సవరణ 1929లో చట్టమైంది. దాని ప్రకారం సేవ చేయనక్కర్లేదు, భూమి ఎక్కడికీ పోదు, స్వల్పంగా శిస్తు కట్టుకుంటే చాలు. ఆవిడ చేసిన పనులన్నింటిలోకీ తెలివైనది ఇదేనని ఈ రచయిత అభిప్రాయం.

అందరూ హర్షించారనుకుంటే పొరపాటు. కాంగ్రెస్ నాయకుడు సత్యమూర్తి సంప్రదాయం పేరుతో అడ్డుపడ్డారు. అంతకన్నా ఆలోచింపజేసే ప్రతిఘటన దేవదాసీల నుంచే వచ్చింది. బెంగళూరు నాగరత్నమ్మ వంటివారు ముందుండి, తమను వేశ్యలతో జమకట్టవద్దని, తమది విద్య అని, తమకు ఆస్తిహక్కు ఉందని ప్రభుత్వానికి అర్జీలు పెట్టారు. ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ను 1910లో అచ్చు వేయించిన నాగరత్నమ్మే ఈవిడ. వారి వాదనను తీసిపారేయలేం. చట్టం పేరుతో కళకూ, బతుకుతెరువుకూ దెబ్బ తగులుతుందన్న భయం వట్టిది కాదని తర్వాతి దశాబ్దాలు చూపాయి. మరోవైపు తెలుగు జిల్లాల్లో, అక్కడి దేవదాసీలైన కళావంతుల కుటుంబం నుంచే వచ్చిన యామినీ పూర్ణతిలకం ఈ ఆచారం పోవాలని సభలు పెట్టి మాట్లాడారు.

బొట్టు కట్టడాన్నే నిషేధించే బిల్లు 1930లో సభ ముందుకు వచ్చింది. అంతలో ఉప్పు సత్యాగ్రహం, గాంధీ అరెస్టు. ముత్తులక్ష్మి నిరసనగా పదవి వదిలేశారు, బిల్లు అక్కడే ఆగింది. ఆ రోజుల్లోనే, దేవదాసీ బతుకు వద్దని పారిపోయి వచ్చిన పిల్లలు కొందరు ఆమె గుమ్మం తొక్కారు. వాళ్లను చేర్చుకునే హాస్టలు దొరకలేదు. సొంత ఇంట్లోనే ఉంచి చదువు చెప్పించారు. అవ్వై హోమ్ అలా మొదలైంది. చెల్లెలు క్యాన్సర్‌తో పోయిన దుఃఖం ఆమెను ఇంకో పనికి పురికొల్పింది. అడయార్ క్యాన్సర్ ఆసుపత్రి 1954లో పన్నెండు మంచాలతో తెరుచుకుంది.

ఆగిన బిల్లు 1947లో, ఆమె చట్టసభలో లేని కాలంలో, మద్రాసు దేవదాసీ నిరోధక చట్టంగా బయటికొచ్చింది. అది మద్రాసు ఎల్లలకే పరిమితం. నిజాం ఏలుబడిలోని తెలంగాణ పల్లెల్లో దేవతకు అంకితమై జోగినులుగా మారుతున్న దళిత బాలికలకు అది వర్తించలేదు. వారిని కూడా కలుపుకుని ఆంధ్రప్రదేశ్ శాసనసభ వేరే చట్టం చేసేసరికి 1988 వచ్చింది. ముత్తులక్ష్మి చనిపోయి అప్పటికి ఇరవై ఏళ్లు.