బైబిల్‌లో ఏ పుస్తకాలు ఉండాలో కాన్‌స్టంటైన్ ఓటింగ్ పెట్టాడా?

ఈరోజు మనం తీసుకోబోయే కథ మీలో చాలామంది వినే ఉంటారు. క్రీ.శ. 325లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్, నైసియా అనే ఊళ్ళో బిషప్పులందర్నీ కూర్చోబెట్టాడట. ఎనభైకి పైగా సువార్తలు ముందు పెట్టుకుని, నాలుగు ఉంచుకుని, మిగతావి తగలబెట్టేశారట. అప్పటిదాకా మామూలు మనిషి అనుకున్న యేసుని అక్కడే ఓటు వేసి దేవుణ్ణి చేశారట.

మతం మీద వాదన వస్తే చాలు, ఎవరో ఒకరు ఈ కథ తీస్తారు. అవతలి వాళ్ళు "అదంతా దుష్ప్రచారం" అని లేచి వెళ్ళిపోతారు. నా బీటెక్ ఫ్రెండ్స్ ఇద్దరు ఈ ఒక్క కథ మీద మాటలు మానేశారు. ఇద్దరిలో ఏ ఒక్కరూ ఆ సభ రికార్డులు చూసిన పాపాన పోలేదు!

మన తరానికి ఈ కథ ఎక్కువగా వచ్చింది 'ద డావిన్సీ కోడ్' నుంచి. నవల 2003లో, సినిమా 2006లో వచ్చాయి. సినిమాని అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది, హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. నిషేధం అన్న మాట వినగానే "ఇందులో ఏదో నిజం ఉంది" అని జనానికి అనిపించడం సహజం కదా.

కానీ పుస్తకాల ఎంపిక కథ ఆ నవలతో పుట్టింది కాదు. వెనక్కి తవ్వుకుంటూ వెళ్తే మనం తేలేది 9వ శతాబ్దం చివర్లో గ్రీకులో రాసిన 'సినోడికాన్ వీటస్' అనే పుస్తకం దగ్గర. అందులో ఏముందంటే, పుస్తకాలన్నీ చర్చిలో బలిపీఠం దగ్గర పెట్టి ప్రార్థన చేశారట, దేవుడి పుస్తకాలు పైకి వచ్చాయట, దొంగ పుస్తకాలు కింద ఉండిపోయాయట. అంటే నైసియా జరిగిన 500 ఏళ్ళకి పైగా గడిచాక ఎవరో భక్తుడు రాసిన అద్భుతం ఇది. 1601లో దీన్ని అచ్చు వేశారు. తర్వాత వోల్టేర్ దీన్ని పట్టుకుని బాగా వెక్కిరించాడు. భక్తి కోసం పుట్టిన కథ భక్తుల మీదకే ఆయుధంగా తిరిగొచ్చింది చూశారా.

సరే, అసలు నైసియాలో ఏం జరిగింది? ఈ ఊరు ఇప్పటి టర్కీలోని ఇజ్నిక్. వచ్చిన బిషప్పులు రమారమి 300 మంది. కూడిన ముఖ్య కారణం అరియస్ అనే అలెగ్జాండ్రియా ప్రెస్బిటర్ బోధ. కుమారుడు తండ్రితో సమానం కాడు, ఒకప్పుడు ఆయన లేడు, తండ్రే ఆయన్ని సృష్టించాడు అన్నది అరియస్ వాదన. దానికి జవాబుగా ఒక విశ్వాస ప్రమాణం రాశారు. ఈస్టర్ తేదీ గొడవ, ఈజిప్టులో మెలీషియస్ వర్గం గొడవ కూడా మాట్లాడుకున్నారు. 20 నియమాలు చేశారు. అవి చదివితే మీకే తెలుస్తుంది: మతగురువులు వడ్డీ వ్యాపారం చెయ్యకూడదు, ఆదివారాలు మోకాళ్ళ మీద కాకుండా నిలబడి ప్రార్థించాలి, ఇలాంటివి. పుస్తకాల జాబితా గురించి ఒక్క నియమం లేదు.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. బైబిల్‌ని లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్, యూదితు గ్రంథాన్ని నైసియా సభ పవిత్ర గ్రంథాల్లో లెక్కించినట్టు చదువుతాం అని రాశాడు. ఈ కథకి అనుకూలంగా ఎవరైనా చూపించగలిగితే ఇది చూపించాలి. కానీ అది ఒక్క పుస్తకం గురించి, అదీ పాత నిబంధన వైపు పుస్తకం. సువార్తలకీ దానికీ సంబంధం లేదు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, నాకు లాగ్స్ చూడటం అలవాటు. నైసియాలో జాబితా రిలీజ్ అయిపోయి ఉంటే ఆ తర్వాత అందరి దగ్గరా ఒకే వెర్షన్ ఉండాలి. లేదు! 4వ శతాబ్దం నాటి కోడెక్స్ సినాయిటికస్‌లో బర్నబా పత్రిక ఉంది, హెర్మస్ కాపరి ఉంది. ఇప్పుడు మనం చూసే 27 పుస్తకాల కొత్త నిబంధన జాబితాని అథనేసియస్ తన ఈస్టర్ లేఖలో రాసింది 367లో, సభ అయిన 42 ఏళ్ళకి. ఆ సభకి ఆయన డీకన్‌గా వెళ్ళినవాడే. ఇక నాలుగు సువార్తల విషయానికొస్తే, సుమారు 180లోనే ఐరేనియస్ "నాలుగే" అని గట్టిగా వాదించాడు. కాన్‌స్టంటైన్ పుట్టడానికి దాదాపు వందేళ్ళ ముందు.

యేసుని దేవుణ్ణి చేసిన ఓటు సంగతి ఇంకా తేలిక. సుమారు 112లో ప్లినీ అనే గవర్నర్, క్రైస్తవులు తెల్లవారకముందే కూడి క్రీస్తుకి దేవుడికి పాడినట్టు పాడుతున్నారని చక్రవర్తి ట్రాజన్‌కి రిపోర్ట్ పంపాడు. తమాషా ఏంటంటే, నైసియా ఊరు ఆయన పాలించిన ప్రావిన్స్‌లోదే. పైగా అరియస్ కూడా యేసు మామూలు మనిషి అనలేదు. సృష్టికి ముందే ఉన్నవాడనే అన్నాడు. గొడవంతా "తండ్రితో సమానమా కాదా" అన్నదాని మీదే. చివరికి సంతకం పెట్టనని నిలబడ్డ బిషప్పులు ఇద్దరే: సెకండస్, థియోనస్.

అలాగని చక్రవర్తికి చేతులు కడిగేయలేం. సభ పిలిచింది ఆయనే, రావడానికి ప్రభుత్వ బళ్ళు ఇచ్చింది ఆయనే, మాట వినని వాళ్ళని దేశం నుంచి వెళ్ళగొట్టిందీ ఆయనే. అరియస్ రాతలు తగలబెట్టమని, దాచినవాడికి మరణశిక్ష అని ఆజ్ఞ ఇచ్చాడు. "పుస్తకాలు తగలబెట్టారు" అన్న మాటలో ఈ ముక్క మాత్రం పచ్చి నిజం, చర్చి వైపు మాట్లాడేవాళ్ళు దీన్ని దాటేస్తారు. కొన్నేళ్ళకి అదే అరియస్‌ని వెనక్కి పిలిపించాడు. 337లో చనిపోయే ముందు ఆయన బాప్తిస్మం తీసుకున్నది అరియస్‌ని వెనకేసుకొచ్చిన నికొమీడియా బిషప్ యూసేబియస్ చేతుల మీదుగా.

ఇక క్రిస్మస్‌కి వాట్సాప్‌లో తిరిగే మీమ్ ఒకటుంది: సెయింట్ నికొలస్, అంటే మన శాంటా తాత, నైసియాలో అరియస్ చెంప పగలగొట్టాడని. అది రాతల్లో కనిపించేది దాదాపు వెయ్యేళ్ళ తర్వాత. సభలో ఉన్న అథనేసియస్ అంత రాసి నికొలస్ పేరే ఎత్తలేదు.