దూలగొండి గింజ - వణకురోగము

పొలముల కంచెలపై అల్లుకొను దూలగొండి తీగను ఎరుగని పల్లెవారు అరుదు. దాని కాయపైని నూగు సోకినచో ఇక ఒడలంతయు దురదయే. ఆ కాయలోని గింజలనుండి 1937లో మద్రాసున దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు 'ఎల్-డోపా' అను పదార్థమును వేరుచేసిరి. అంతకు పూర్వమే, 1913లో, స్విట్జర్లండు దేశపు బాసెల్ నగరమున గుగ్గెన్‌హైమ్ అను రసాయనజ్ఞుడు ఒక జాతి చిక్కుడునుండి దీనిని తీసి, రెండున్నర గ్రాములు తానే మ్రింగి చూచెను. వాంతులు మాత్రము దక్కినవి. మందు చేత చిక్కినది గాని, అది ఏ రోగమునకు మందో నాడెవ్వరికిని తెలియదు.

రోగము మాత్రము పాతదే. 1817లో లండను వైద్యుడు జేమ్సు పార్కిన్సన్ ఆరుగురు రోగులను గూర్చి వ్రాసెను. వారిలో కొందరు వీథిలో అతని కంటబడినవారే! ఊరకున్న చేయి వణకును, నడుము వంగును, అడుగు త్వరపడి పరుగగును.

చిక్కుముడి విడుటకు మన సర్పగంధి వేరు తోడ్పడినది. ఆ వేరునుండి తీసిన రిసర్పిన్ అను మందును 1957లో స్వీడను శాస్త్రజ్ఞుడు కార్ల్‌సన్ కుందేళ్లకిచ్చెను. అవి చెవులు వ్రేలవైచి కదలక పడియుండెను. పిమ్మట డోపాను ఎక్కింపగా కొలది నిమిషములలో లేచి తిరుగసాగెను. రిసర్పిన్ మెదడులోని డోపామిన్ నిలువలను ఖాళీ చేయునని, డోపా వానిని మరల నింపునని దీనివలన తేలినది. 1960లో వియన్నాలో హార్నికివిచ్ మరణించిన రోగుల మెదళ్లను పరీక్షించి, కదలికను నడపు భాగమున డోపామిన్ మిక్కిలి తరిగియుండుట కనుగొనెను.

అట్లయిన డోపామిన్‌నే ఏల ఈయరాదు? అది రక్తమునుండి మెదడులోనికి చొరజాలదు. డోపా చొరగలదు; లోని కేగి డోపామిన్‌గా మారును. 1961లో హార్నికివిచ్, బిర్క్‌మయర్ దీనిని రోగుల నరములోనికి ఎక్కించిరి. పడకనుండి లేవలేనివారు లేచి కూర్చుండిరి. నిలిచి అడుగు వేయలేనివారు నడచిరి. ఆ గంటలలో ఆ యింటివారికి ఏమి తోచియుండునో ఊహింపుడు! కాని కొన్ని గంటలకే పూర్వస్థితి. 1967లో అమెరికాలో కొట్‌జియాస్ నోటిద్వారా, కొంచెము కొంచెముగా మోతాదు పెంచుచు ఇచ్చి, ఫలమును నిలుపగలిగెను. తరువాత దీనికి కార్బిడోపాను జోడించుటతో, మెదడు చేరకముందే మందు మారిపోవుట తగ్గినది. గుగ్గెన్‌హైమును బాధించిన వాంతులకును చాలవరకు ఉపశమనము కలిగినది.

మెదడులో జరుగునదేమో 2001లో పీటర్ బ్రౌన్ ప్రభృతులు రోగుల మెదడులో నమర్చిన విద్యుత్తంతులద్వారా విని చెప్పిరి. మందు లేనపుడు కణసమూహములు సెకనుకు ముప్పదికి లోబడిన ఒకే లయలో కొట్టుకొనుచుండెను. రేడియోలో ఒక మ్రోత పాటను కప్పివేసినట్లు, ఆ లయ కదలిక నణచునని పలువురి అభిప్రాయము. మందు పడిన పిదప అది సడలి, డెబ్బది ప్రాంతపు వడిగల లయ కానవచ్చెను.

అయినను ఈ మందు కణముల నాశమును ఆపదు. ఏండ్లు గడచినకొలది దాని బలము ముందుగానే తరుగును. కొందరికి తమ ప్రమేయము లేకయే కాలుసేతులు మెలితిరుగును. వణకు మాన్పవచ్చిన మందే ఆడించును! మోతాదు తగ్గించినచో బిగువు, పెంచినచో ఈ ఆట. వైద్యుడు ఈ రెంటి నడుమ దారి వెదకవలసినదే. దూలగొండి గింజలలో డోపా పాలు అన్నిట ఒక్కటి కాదు. కావున కంచెమీది కాయను నూరి ఇంటిలోని వృద్ధులకు పెట్టబోకుడు.